చిల్లు కప్పులు

మధ్యాహ్నం తిరిగేసరికి డోర్కస్ వేళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. ఉడికిన పీత డొల్ల విప్పి, చిన్న కత్తితో లోపలి తెల్ల కండ చెదరకుండా తీయాలి. పెంకు ముక్క ఒక్కటి కలిసినా ఆ డబ్బాకి కూలి రాదు. పీతల షెడ్డులో తెల్లారకముందే బల్ల ముందు చేరిన ఆడవాళ్ళు, ఉప్పునీళ్ళకి ఒరిసిన వేళ్ళతో ఒలుస్తూ, నోటితో మాత్రం రేపటి సంబరం గురించే చెప్పుకుంటున్నారు.

రేపు రాజధానిలో శాసనసభవాళ్ళు డోర్కస్ తండ్రి ఎజ్రా గాడ్స్‌డెన్‌ని పిలిచి సన్మానం చేస్తారు. పెద్ద యుద్ధంలో మెరైన్ల పటాలంలో చేరిన తొలి నల్లవాళ్ళలో ఆయనొకడు. ఈ ఊరినుంచి వెళ్ళినవాళ్ళలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే. తెల్లవాళ్ళ శిబిరంలో అడుగు పెట్టనివ్వక, దోమల చిత్తడిలో వేరే శిబిరం వేసి వాళ్ళకి తర్ఫీదిచ్చారు. ఎక్కడో దీవుల్లో తూటాల వర్షం కింద మందుగుండు పెట్టెలు మోయించారు. తిరిగొచ్చి యూనిఫాంతో బస్సెక్కితే వెనక సీట్లకి పొమ్మన్నారు. చచ్చాక ఊరి శ్మశానంలో చోటు లేదు పొమ్మన్నారు. ఇన్నాళ్ళకి దొరలకి మెలకువ వచ్చి, ఏడాదిలో ఒక రోజుకి వాళ్ళ పేరు పెడుతున్నారు. అదైనా దక్కిందని ఊరు పొంగిపోతోంది.

ముసలాయన వారం రోజులుగా నిలబడడం నేర్చుకుంటున్నాడు. ఎక్కడికన్నా వెళ్ళాలంటే చక్రాల కుర్చీయే, కానీ సభలో పేరు పిలిచినప్పుడు కర్ర సాయం లేకుండా లేవాలని ఆయన పంతం. మంచం కోడు పట్టుకుని లేస్తాడు, వణికే మోకాళ్ళని బండబూతులు తిడతాడు, మళ్ళీ కూలబడతాడు. నిన్నటికి కోడు వదిలేశాడు. అది చూసి డోర్కస్ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

షెడ్డు తలుపు దగ్గరికి వర్నెల్ రొప్పుతూ వచ్చింది. ఆమెది డోర్కస్ పక్కిల్లే, చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే.

"డోర్కసూ, మన దొడ్లో ఎవరో మేకులు కొడుతున్నారే."

డోర్కస్ కత్తి బల్లమీద పడేసి, నడుముకున్న గుడ్డ విప్పింది. ఇప్పుడెళితే పొద్దుటినుంచి ఒలిచింది లెక్కలోకి రాదని మేస్త్రీ అంటూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

వాగు ఒడ్డున ఓక్ చెట్ల కింద ఉంది ఆ సమాధుల దొడ్డి. ఊరి శ్మశానం పొమ్మన్నప్పుడు ఎజ్రా, అతని తోటి సిపాయిలు కలిసి ఆ నేల కొన్నారు, తమవాళ్ళకి తామే గోతులు తవ్వుకున్నారు. పలకరాళ్ళు చెక్కించే తాహతు ఎవరికీ లేదు. ఉన్నా అక్కడి ఆచారం వేరు. పోయినవాళ్ళు ఆఖరుసారి తాగిన కప్పో, తిన్న పళ్ళెమో అడుగున చిల్లు కొట్టి సమాధి మీద పెడతారు. చిల్లు పడితే చావు గొలుసు తెగుతుందని, ఇంట్లో ఇంకొకరు వెంట వెళ్ళరని నమ్మకం. చుట్టూ సముద్రపు గవ్వలు పరుస్తారు. ఆ కప్పులే గుర్తులు. నీలం కప్పు డోర్కస్ తల్లిది. చెవి విరిగిన పాలజగ్గు గుండెలో ఇనప ముక్కతో తిరిగొచ్చిన జోసయ్యది. వాటిని ముట్టుకోకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు.

ఇప్పుడక్కడ ఒక్క కప్పు లేదు. ఊడ్చిన వాకిలిలా ఉన్న నేలలో గులాబీరంగు రిబ్బన్లు కట్టిన మేకులు వరసగా దిగి ఉన్నాయి.

కొలతలు తీస్తున్న కుర్రాడు టోపీ తీసి మరీ మర్యాదగా జవాబు చెప్పాడు. ఒడ్డున పెద్ద హోటలు వస్తోందట. దానికి వెళ్ళే రోడ్డు ఇదట. ఇక్కడ మనుషులున్నారని డోర్కస్ అంటే, అతను బిత్తరపోయాడు.

"సమాధులున్నట్టు పైకి కనబడితే చట్టప్రకారం మేం పార పెట్టకూడదమ్మా. పోయిన నెల వచ్చి చూసుకునే వెళ్ళాం. ఇదిగో, ఖాళీ నేలే కదా."

డోర్కస్ ఆ ఊడ్చిన నేల వైపు చూసింది. ఖాళీ చేసింది ఎవరు? తనే.

లయనల్ మజీక్ అడిగాడు, తను చేసింది. లయనల్ ఈ ఊరివాడే, ఈ చర్చిలో పెరిగినవాడే. తల్లి పనికి పోతే డోర్కస్ ఇంట్లో బెండకాయ పులుసూ అన్నమూ తిని పెద్దవాడయ్యాడు. శాసనసభకి నిలబడినప్పుడు అతని కోసం ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఈ సన్మానపు రోజు బిల్లు పెట్టిందీ అతనే. రెండు నెలల కిందట ఒక ఆదివారం చర్చి మెట్ల మీద ఆడవాళ్ళని కూడేసి, పేపరువాళ్ళు వీరుల సమాధులని ఫొటోలు తీయడానికి వస్తారని చెప్పాడు. పగిలిన కప్పులూ పళ్ళేలూ చూస్తే తెల్లవాళ్ళు చెత్తకుప్ప అనుకుంటారనీ, మన పరువు పోతుందనీ, కొన్నాళ్ళపాటు తీసి పెట్టమనీ బతిమాలాడు. పెద్దవాళ్ళు వద్దంటే, వాళ్ళకి నచ్చజెప్పింది డోర్కస్. తీసి పీతల పెట్టెల్లో సర్దింది డోర్కస్. ఏ కప్పు ఎవరిదో అందరికీ తెలుసులే, మళ్ళీ పెట్టేద్దామనుకుంది. కానీ సగం కుటుంబాలు ఎప్పుడో ఉత్తరాదికి వలసపోయాయి. ఆ కప్పులు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు. నాన్న నెత్తీనోరూ కొట్టుకుంటాడని ఆయనకి ఈ సంగతే చెప్పలేదు.

పేపరువాళ్ళెవరూ రాలేదు. అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. మనవాడు అనుకున్న చోట అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది?

ఎన్నిసార్లు ఫోన్ చేసినా లయనల్ ఎత్తలేదు. ఇంటికెళితే ఎజ్రా పాత టోపీకి బ్రష్షు పెట్టి తోముతున్నాడు. ఆయన మొహం చూసి డోర్కస్ మేకుల సంగతి ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరేటప్పుడు, విడిగా దాచిన తల్లి నీలం కప్పుని సంచిలో పెట్టుకుంది. ఎందుకో తనకే తెలీదు.

శాసనసభ వసారాలో లయనల్ రెండు చేతులూ చాచుకుంటూ ఎదురొచ్చాడు. ముసలాయన కుర్చీ ముందు మోకాలు వంచి, తాతా ఎంత బావున్నావో అన్నాడు. డోర్కస్ అతన్ని పక్కకి పిలవలేదు. అక్కడే, తండ్రి ముందే అడిగింది.

"లయనల్, దొడ్లో మేకులు కొట్టారు. నీకు తెలుసా?"

"అత్తా, ఇప్పుడు కాదు. సభ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం."

"తెలుసా, తెలీదా?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "హోటలు రోడ్డుకి నా ఓటు కావాలన్నారు సభలో పెద్దలు. ఇవ్వకపోతే ఈ బిల్లు గడప దాటేది కాదు. తాత కళ్ళతో ఈ రోజు చూడాలనే కదా నా తాపత్రయం? రోడ్డొస్తే మనోళ్ళకీ నాలుగు ఉద్యోగాలొస్తాయత్తా."

"అందుకని మాచేతే కప్పులు ఏరించావా?"

లయనల్ మెడకి కట్టిన టై సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడంలోనే డోర్కస్‌కి జవాబు దొరికింది. పరాయివాడు గొంతు పట్టుకుంటే కనీసం అరుస్తాం. వీడు అన్నం తిన్న ఇంటి గొంతే తడిగుడ్డతో కోశాడు.

"నీకు నా చేత్తో అన్నం పెట్టాను లయనల్. ఆ చేత్తోనే మా అమ్మ సమాధి చెరిపించావు."

అప్పటిదాకా ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూస్తున్న ఎజ్రా నోరు విప్పాడు. "ఏ కప్పులు, అమ్మాయ్?"

డోర్కస్ చలువరాతి నేల మీద కూర్చుని, ఆయన మోకాళ్ళు పట్టుకుని చెప్పేసింది. "నేనే తీశాను నాన్నా. మళ్ళీ పెట్టేద్దామనుకున్నా. ఏది ఎవరిదో ఇప్పుడు నాకు తెలీడంలేదు."

ఆయన తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన "మీ అమ్మదీ?" అని అడిగాడు. ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన కప్పు అడుగున తాను కొట్టిన చిల్లులో వేలు పెట్టి తడుముకున్నాడు.

"ముట్టుకోకూడదని చిన్నప్పణ్ణించీ చెప్తూనే ఉన్నానే నీకు," అన్నాడు. డోర్కస్‌కి అది చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

లోపలినుంచి పిలుపు వచ్చింది. కుర్చీ ముందు వరసకి తోసి, డోర్కస్ వెనక నిలబడింది. సభాధ్యక్షుడు తీర్మానం చదివాడు. ధైర్యమన్నాడు, త్యాగమన్నాడు, ఈ గడ్డ వాళ్ళని మరవదన్నాడు. ఎజ్రా గాడ్స్‌డెన్ అని పేరు పిలిచాడు. సభ సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తీర్మానాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి పట్టుకున్న లయనల్, లే తాతా అన్నట్టు నవ్వుతూ తల ఊపాడు.

ఎజ్రా లేవలేదు. కప్పు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద వేసి కూర్చున్నాడు.

చప్పట్లు కాస్త తడబడ్డాయి. అధ్యక్షుడు ఎంతో జాలిగా ముందుకి వంగి, పెద్దవారు శ్రమ పడనక్కరలేదు, కూర్చునే ఉండండి అన్నాడు. పాపం, లేవలేకపోతున్నాడని అందరికీ కళ్ళు చెమర్చాయి. చప్పట్లు రెట్టింపయ్యాయి.

ముసలాయన చెయ్యెత్తాడు. చప్పుడు సద్దుమణిగేదాకా ఎత్తే ఉంచాడు.

"నా కాళ్ళు బానే ఉన్నాయి," అన్నాడు. "లేవగలను. మావాళ్ళ మీద కొట్టిన మేకులు పీకించండి, లేస్తాను."

కూర్చోవాలో నిలబడాలో తెలియక సభంతా అలాగే నిలబడిపోయింది. ఫ్రేము పట్టుకున్న లయనల్ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కాయితాల వైపు చూశాడు.

డోర్కస్ కుర్చీ పిడి వదిలేసింది. ముందుకొచ్చి తండ్రి పాదాల పక్కన నేల మీద చతికిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కాసేపటికి నీలం కప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు.