నిండు బెల్టు మీద పరీక్ష

మా అక్క మొగుడు నా మోటార్ల షాపులోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న స్పానరు అందుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయనకు కంకర మిల్లు ఉంది. నలిగిన రాయిని పైకి మోసుకెళ్ళే ఏటవాలు కన్వేయరు బెల్టు ఉంది. రెండేళ్ళ క్రితం ఆ బెల్టు అడుగున పనిచేస్తున్న మా తమ్ముడి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. కరెంటు పోగానే, నిండుగా ఉన్న బెల్టు కంకరతో సహా వెనక్కి జారి వాడి చేతిని రోలరు కిందికి లాగేసింది.

వాడు పరధ్యానంగా ఉన్నాడు, అందుకే అయింది, జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదని బావ ఆసుపత్రి వరండాలోనే అందరికీ చెప్పాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. అక్క కూడా నమ్మింది. అప్పట్నుంచీ నాకు ఒకటే కోరిక. తప్పు తనదేనని ఆ నోటితోనే, మిల్లు పనివాళ్ళ ముందే చెప్పించాలి.

ఇప్పుడు ఆయన వచ్చిన పనేమిటంటే, మోటారు మళ్ళీ కాలిపోయింది. ఎక్కడ కొన్నా నెల తిరక్కుండానే పోతోందట. పోదూ మరి! ఆయన చూసేది హార్స్ పవరు ఒక్కటే. నీళ్ళ పంపు మోటారు దొరికితే దాన్నే బెల్టుకు తగిలిస్తాడు. పంపుకైతే మొదట్లో బరువుండదు, వేగం అందుకున్నాకే పెరుగుతుంది. నిండు బెల్టు మొదటి క్షణం నుంచే బరువుతో లేవాలి. కానీ ఆ మిల్లులో మొదట్నుంచీ ఖాళీ బెల్టు మీదే పరీక్ష. జుయ్యిమని తిరిగితే చాలు, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు.

బెల్టు పొడవెంత, వాలెంత, కంకర తడిదా పొడిదా, నిండుగా ఉండగా ఎన్నిసార్లు ఆపి మళ్ళీ నడుపుతారు అని అడుగుతూ పోయాను. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంత విచారించరు మరదలా అని బావ విసుక్కున్నాడు. మా అక్కనిచ్చేటప్పుడు విచారించనందుకే ఈ గతి అని నోటిదాకా వచ్చింది.

షాపు మూల ఒక మోటారు ఉంది. ఆయన అడిగిన హార్స్ పవరే. ఖాళీ బెల్టు మీద ముచ్చటగా తిరుగుతుంది, నిండు బెల్టును ఎత్తబోయి పొగలు కక్కుతుంది. అదే అంటగడదామని చెయ్యి దురద పెట్టింది. కానీ తమ్ముడు నిలబడ్డ చోట ఇప్పుడు ఇంకెవరో నిలబడుతున్నారు. నా కక్షకు వాళ్ళ చెయ్యి బలి పెట్టలేను. అంతమాత్రాన నేను మెత్తబడ్డానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

బరువుతో లేవగలిగే మోటారు ఇచ్చాను. దుమ్ము చొరబడనిది, కరెంటు పోగానే ఇరుసును బిగబట్టే బ్రేకు ఉన్నది. బిగించేది నేనేననీ, పరీక్ష మాత్రం నిండు బెల్టు మీద, పనివాళ్ళందరి ముందూ జరగాలనీ షరతు పెట్టాను. అవసరం ఆయనది కాబట్టి తలూపాడు.

మోటారు బిగించాక, పరీక్ష రోజున మిల్లు తెరవకముందే నేనూ తమ్ముడూ వెళ్ళి, బెల్టు నింపి, కరెంటు ఆపి చూసుకున్నాం. బ్రేకు చక్కగా పట్టింది. ఆ సంగతి బావకు చెప్పలేదు.

తర్వాత పనివాళ్ళంతా చేరారు. నేను రమ్మంటే అక్క కూడా వచ్చింది. కంకరతో నిండిన బెల్టు పైకి సాగుతోంది. తమ్ముడు స్విచ్చు దగ్గర నిలబడ్డాడు.

"ఇప్పుడు కరెంటు ఆపేస్తాం బావా. మీరెళ్ళి అడుగున, తమ్ముడు పనిచేసిన చోట నిలబడండి," అన్నాను.

"నేనెందుకు?"

"జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదని మీరే అన్నారుగా. జాగ్రత్తగానే నిలబడండి."

అందరూ ఆయన్నే చూస్తున్నారు. మింగలేక కక్కలేక వెళ్ళి నిలబడ్డాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. తమ్ముడు ఎడంచేత్తో స్విచ్చు పట్టుకున్నాడో లేదో, బావ పక్కకు దూకి కంకర కుప్పలో బోర్లాపడ్డాడు. కరెంటు ఆ తర్వాత ఆగింది. బెల్టు ఉన్నచోటే నిలిచిపోయింది. ఒక్క రాయి కూడా వెనక్కి దొర్లలేదు. ఆయన మోకాళ్ళ మీద లేస్తుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఎవరూ నవ్వలేదు. అక్క మాత్రం దగ్గరికి వచ్చి, పాత మోటారుకు ఈ బ్రేకు ఉండేదా అని అడిగింది. లేదన్నాడు. మరి వాడిదేం తప్పని అడిగింది.

"వాడిది కాదు. తప్పు నాదే," అన్నాడు బావ నేలచూపులు చూస్తూ.

నేలకు కాదు, తమ్ముడికి చెప్పమన్నాను. వాడి వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు.

తమ్ముడు గెలిచినవాడిలా లేడు. నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "నేను నిజంగానే పరధ్యానంగా ఉన్నాననుకున్నా చిన్నక్కా. అప్పుడు దేని గురించి ఆలోచిస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని ఇన్నాళ్ళూ చస్తున్నా."

ఆ ఒక్క మాట చెప్పిస్తే చాలు, బావను వదిలేద్దామనే వచ్చాను. ఇక వదలను.