ఒక కార్డు మీద ఇద్దరు

మనిషి చేయి విరగ్గొట్టడానికి ఎక్కువ సేపు పట్టదు. ఆగయ్య చేతికి నాలుగు దెబ్బలు పట్టాయి. ఆ నాలుగింటి మధ్య నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. తెరవలేదు. అందుకే ఈ కథ చెప్పుకోవలసి వస్తోంది.

నేను సూరత్‌లోనే పుట్టాను. మా నాన్న ముప్పై ఏళ్లు ఇక్కడ మరమగ్గాలు నడిపాడు. నేను కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. కాలేజీ పిల్లలకు మార్కులుంటే చాలు, ఆలోచన అక్కర్లేదు. ఆ ఒళ్లుమంటతో ఆదివారాలు ఊరి చివర వడోద్ బస్తీలో మా కుల సంఘం గదిలో మగ్గం పనివాళ్లకు క్లాసు పెట్టాను. పుస్తకం తీస్తే లేచిపోతారు కాబట్టి సినిమాలు వేసేదాన్ని. రాని కాలాల కథలు, లేని యంత్రాల కథలు. సరిగ్గా తీర్పు చెప్పే చోట ఆపేసి, ఒక్కొక్కరినీ లేపి, నిమిషంలో జవాబు చెప్పమని గద్దించేదాన్ని. నీళ్లు నమిలినవాణ్ణి అందరి ముందూ దులిపేసేదాన్ని.

ఆ వారం సినిమాలో ఒక యంత్రం మనిషిని ఇద్దరుగా చేస్తుంది. ఒకడు పగలు పని చేస్తాడు, రెండోవాడు రాత్రి. పేరు ఒకటే. రాత్రివాడు యజమానిని చంపి పారిపోతాడు. పోలీసులకు పగటివాడు దొరుకుతాడు. అక్కడ ఆపి అడిగాను, ఉరి ఎవరికి వెయ్యాలని.

గదంతా ఆగయ్యనూ ముత్యాన్నీ చూసి నవ్వింది. ముత్యం ఊరి నుంచి వస్తూ రైల్లో కాగితాలన్నీ పోగొట్టుకున్నాడు. కాగితాల్లేనివాణ్ణి కార్ఖానాలో పెట్టుకోరు. ఊరివాడు కదా అని ఆగయ్య తన హాజరు కార్డు మీదే వాణ్ణి రాత్రి పనికి ఎక్కించాడు. పొద్దున ఏడింటికి ఒకడు దిగితే రెండోవాడు ఎక్కుతాడు. అవే పన్నెండు మగ్గాలు. గదిలో పరుపూ ఒకటే, ఒకడు లేస్తే ఇంకొకడు పడుకుంటాడు. పని చేయించే మాస్టర్ పగలు వేరు, రాత్రి వేరు, సేటుకు గుడ్డ తప్ప ముఖాలు తెలియవు. కాబట్టి కార్ఖానాలో ఇద్దరూ ఆగయ్యలే. మావాళ్లకు ఇది తప్పని తోచదు. ఊరివాడికి ఆ మాత్రం చెయ్యకపోతేనే తప్పంటారు.

ముత్యం తల వంచుకుని, చేసినవాడికే వెయ్యాలన్నాడు. అందరూ చెప్పేదే చెప్పావని కూర్చోబెట్టాను. ఆగయ్య లేచాడు.

"ఇద్దరికీ ఎయ్యాలె మేడం. పేరు ఇచ్చినోడు పాపంల గూడ పాలు పంచుకోవాలె గద."

నాకు ఒళ్లు పులకరించింది. చప్పట్లు కొట్టాను, అందరిచేతా కొట్టించాను.

మంగళవారం పొద్దున ఆరున్నరకు ముత్యం మా ఇంటి తలుపు బాదాడు. కన్ను కింద చర్మం చీలి వేలాడుతోంది. మగ్గం పక్కన కునుకు తీస్తుంటే రాత్రి మాస్టర్ బెల్టు విప్పి బకిల్ వైపుతో ముఖం మీద కొట్టాడట. ముత్యం చేతిలో పానా ఉంది. దానితో మాస్టర్ తల పగలగొట్టాడు.

"పడ్డంక గూడ కొట్టిన మేడం. చెయ్యి ఆగలే," అన్నాడు, నా వంటింటి పంపు కింద నెత్తురు కడుక్కుంటూ.

సేటు మనుషులు కార్డు మీద పేరున్నవాణ్ణి వెతుకుతారని నాకూ ముత్యానికీ ఒకేసారి తట్టింది. ఆగయ్య ఫోన్ ఎత్తలేదు. ముత్యం ముఖానికి తువ్వాలు చుట్టుకుని నా స్కూటీ వెనక కూర్చున్నాడు. కార్ఖానాలుండే సచిన్ ప్రాంతం దాకా ఎలా నడిపానో గుర్తులేదు.

మేం వెళ్లేసరికి కార్ఖానా గేటు ముందు సేటు మనుషులు నలుగురు ఆగయ్యను నేల మీద పడేసి తొక్కుతున్నారు. అతని టిఫిన్ డబ్బా మూత ఊడి, అన్నం మట్టిలో కలిసింది. తను ఇప్పుడే వచ్చానని, రాత్రి పనిచేసేది వేరేవాడని అతను హిందీలో మొత్తుకుంటున్నాడు. కార్డు ఒకటే అయితే మనుషులు ఇద్దరెలా అవుతారని వాళ్లు బూటుతో నోటి మీద తన్నారు. అప్పుడు అతను నన్ను చూశాడు. మేడంను అడగండి, మేడంకు అంతా తెలుసు అన్నాడు.

ఇనుప పైపు పట్టుకున్నవాడు నా వైపు తిరిగాడు. వీడు కాకపోతే మరెవరని చాలా మర్యాదగా అడిగాడు.

"బోలియే మేడం. యే నహీ, తో కౌన్?"

ముత్యం ఊపిరి నా మెడకు తగులుతోంది. పేరు చెబితే వీణ్ణి అక్కడే చంపేస్తారు, చెప్పకపోతే ఏ పాపం ఎరగనివాడి ఒళ్లు హూనమవుతుంది. క్లాసులో అయితే ఈ చిక్కుముడి మీద రెండు గంటలు మాట్లాడేదాన్ని. అక్కడ మాత్రం నాకు తట్టింది ఒకటే, ఆ పైపు నా వైపు రాకూడదని. వీడిని కాపాడటానికే నోరు మూసుకున్నానని తర్వాత చాలామందికి చెప్పాను. అబద్ధం. భయపడ్డాను.

వాడు ఆగయ్య వైపు తిరిగి పని చూసుకున్నాడు. ఒకడు ఆగయ్య మోచేతి మీద నిలబడ్డాడు. మొదటి దెబ్బకు మణికట్టు పక్కకు తిరిగింది. రెండో దెబ్బకు వేళ్లు చితికాయి. మూడో దెబ్బ తర్వాత కూడా ఆగయ్య నన్నే పిలుస్తున్నాడు, మేడం మేడం అని. నాలుగో దెబ్బకు ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ముత్యం స్కూటీ మీంచి దూకాడు. ఆగయ్య మీద పడి అడ్డుకుంటాడనుకున్నాను. రోడ్డు వైపు పరిగెత్తాడు.

మాస్టర్ కుట్లు వేయించుకుని బతికాడు. ముత్యం మళ్లీ కనిపించలేదు. ఆసుపత్రిలో ఆగయ్య కుడిచేయి మోచేతి దాకా తీసేశారు. అతను నా ముఖం చూడకుండా ఒక్కసారే మాట్లాడాడు.

"సినిమ గద అని ఊకెనే అన్న మేడం ఆ దినం. మీరు నిజమనుకున్నరా ఏంది?"

మూడో రోజు ఊరి నుంచి అతని భార్య బుచ్చవ్వ వచ్చింది. మొగుడికి అన్నం తినిపిస్తూ, నన్ను చూసి కంచం పక్కన పెట్టింది.

"మాస్టర్‌ను కొట్టింది ఎవడో నీకు ఎరుకేనా బిడ్డా?"

"ఎరుకే."

"ఈయన్ను కొట్టేటప్పుడు గూడ ఎరుకేనా?"

"ఎరుకే అవ్వా."

లేచి, అన్నం అంటిన చేత్తోనే నా చెంప పగలగొట్టింది. పెదవి చిట్లి నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. వార్డంతా చూస్తోంది. ఇంకొకటి కొట్టాలని, ఆగకుండా కొట్టాలని నిజంగా కోరుకున్నాను. ఆమె నన్ను మళ్లీ చూడనే లేదు. చేయి కడుక్కుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, ముద్ద కలిపి మొగుడి నోటికి అందించింది. ఆగయ్య నోరు తెరిచాడు.