యాజకుడి ఇంటి గోడమీద పచ్చమచ్చ

మా యత్తీరు ఊరి యాజకుడు మా ఆయనే. పేరు అహీయెజెరు. ఎవరింటి గోడమీదైనా పచ్చగానో ఎర్రగానో మచ్చ కనబడిందా, సామానంతా వీధిలో పెట్టించి లోపలికెళ్లి చూసేవాడు. గోడకు అంటుతెగులు పట్టిందని తేలిస్తే ఏడు రోజులు ఇల్లు మూతే. అప్పటికీ మచ్చ పాకితే రాళ్లు పీకించేవాడు, అదీ పనికిరాకపోతే ఇల్లే కూలగొట్టించేవాడు. ఊరందరికీ ఆయనంటే హడలు. ఎందుకని అడిగిన మొనగాడు లేడు.

అలాంటి మనిషి ఇంట్లోనే, గోధుమల కుండ వెనక పచ్చమచ్చ తేలింది.

"ఏమండీ, కాస్త మట్టి మెత్తేస్తే పోలా?" అన్నాను. పెళ్లయిన ఏడాది ఆ గోడలు నా చేతులతో అలికాను. వాటిని కూల్చేస్తారంటే ఎలా ఊరుకుంటాను?

"ఊరికో న్యాయం, మనకో న్యాయమా హొగ్లా? నేనే ఇలా చేస్తే రేపు నా మాట ఎవడు వింటాడు?"

తన ఇంటి మచ్చ తనే చూసి తీర్పు చెప్పకూడదు. అందుకని పక్క ఊరు దెబీరు యాజకుడు యాకీనుకు కబురు పంపి, తెల్లారేసరికి సామానంతా వీధిలో పెట్టాం.

ఎదురింటి షెలోమీతు చూసి కేకలేసింది. "యాజకయ్య సామాను బయట పెడుతున్నాడర్రోయ్! కొత్త ఆజ్ఞ ఏదో వచ్చింది!"

అంతే. మధ్యాహ్నానికల్లా ఊళ్లోని కుండలు, తిరగళ్లు, పరుపులు అన్నీ వీధిలోనే.

"మీకేమొచ్చిందయ్యా?" అని మా ఆయన నెత్తి కొట్టుకుంటే, "మీరు చేశాక మేం చేయకుండా ఉంటామా?" అన్నారు. ఖర్మ!

యాకీను గాడిదమీద వచ్చి ఆ వీధి చూశాడు. "ఊరంతా తెగులేనా నాయనోయ్!" అని గాడిదను వెనక్కి తిప్పబోయాడు. బతిమాలి లోపలికి తీసుకొచ్చాం.

మచ్చ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. వేలితో రుద్దాడు. మళ్లీ వాసన చూశాడు.

"ఇది తెగులు కాదయ్యా. ఒలీవ నూనె."

ఇల్లు ఖాళీ కదా, ఆ మూలకు బాగా వెలుగు పడుతోంది. నాలుగు వేళ్ల ముద్ర. చిటికెన వేలు వంకర. ఇరవయ్యారేళ్లు కాపురం చేసిన చేతిని పోల్చుకోలేనా? నూనెలో ఊరబెట్టిన ఒలీవల జాడీ ఉండేది ఆ పక్కనే.

"ఉపవాసం రోజున ప్రార్థన చేసుకుంటానని తలుపేసుకునేది ఇందుకా!" అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు. పస్తుండి నా పేగులు అరుస్తుంటే ఈయనగారు లోపల జాడీ ఖాళీ చేస్తున్నాడన్నమాట!

మా ఆయన తల దించుకున్నాడు.

యాకీను గొంతు తగ్గించాడు. "ఇల్లు శుద్ధంగా ఉందని మాత్రం చెప్పి నా దారిన నేను పోతాను. మీ ఊరివాళ్లు ఎందుకని అడగరుగా."

"దణ్ణం పెడతాను, సరేననండి," అన్నాను మా ఆయనతో. ఇల్లు దక్కుతుంది, పరువూ దక్కుతుంది. ఇంకేం కావాలి?

మా ఆయన గుమ్మంలో నిలబడి వీధి పొడుగునా ఉన్న జనం సామాను చూశాడు. తర్వాత బయటికెళ్లి చెయ్యెత్తాడు.

"తెగులూ లేదు, ఆజ్ఞా లేదు. గోడమీద ఉన్నది నా చెయ్యి. ఉపవాసం నాడు దొంగతనంగా ఒలీవలు తిని, చీకట్లో చెయ్యి అక్కడ తుడిచి ఆ సంగతే మరిచిపోయాను. మీ సామాను లోపల పెట్టుకోండి. ఇకనుంచి నేనేం చేసినా, ఎందుకని అడగండి."

ఎండలో మంచమేసుకుని కూచున్న ఒక ముసలమ్మ మెడ చాచింది.

"ఎన్ని తిన్నావు నాయనా?"

ఆయన చెప్పాడు. ఇంకొకడు ఇంకోటి అడిగాడు. దానికీ చెప్పాడు. పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉన్నారు, ఆయన నిలబడి ఒక్కొక్కరికీ జవాబు చెబుతూనే ఉన్నాడు. అంత గొప్ప మొగుడు నాకున్నాడని ఆ రోజే తెలిసింది. సామాను మాత్రం నేనొక్కదాన్నే మోసుకున్నాను.