గండిలో వేసిన విగ్రహం

ఆ రోజు మా చెరువు గట్టు పక్కన విగ్రహాలు చేసే మనిషి ఒకడు పట్టమ్మాళ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి ఏడవమన్నాడు. చేతులు చాపమన్నాడు. కొంచెం పైకి చూడమన్నాడు. పోయినేడు అక్టోబరులో, ఐప్పసి నెల వానలకు గట్టు తెగి ఆమె కొడుకూ కోడలూ పోయారు. మనుమరాలు జోతిని భుజాన వేసుకుని తుమ్మచెట్టెక్కి బతికింది. ఇప్పుడు వరద మృతుల జ్ఞాపకార్థం పార్కు కడతారట, ఆమె ఏడుపును సిమెంటులో పోసి గుట్ట మీద నిలబెడతారట.

ఇది 1998 మాట. తమిళనాడులో తెలుగు మాట్లాడే ఊరు మాది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నేను కార్మిక సంఘం పని చేస్తుండేవాణ్ణి.

పార్కు కాంట్రాక్టు సీనివాసన్‌ది. మా ఊళ్ళో సగం నల్లరేగడి అతనిదే. వరదకు ముందు తన ఇటుకబట్టీకి మా గట్టు మట్టిని లారీలకెత్తించుకున్నదీ అతనే. గట్టు సన్నబడి తెగింది, ఇరవైముగ్గురు చచ్చారు. సర్కారు దాన్ని ప్రకృతి వైపరీత్యం అంది. గండి అలాగే నోరు తెరుచుకుని ఉంది, దాని పక్కన సిమెంటు బెంచీలు, ఫౌంటెను! నీళ్ళలో చచ్చినవాళ్ళకు ఫౌంటెను. థూ!

మా ఊళ్ళో ఒక వాడుక ఉంది. చెరువు పని అంటే ఇంటికొకరు గంపతో రావాలి, కూలి అడగకూడదు. సీనివాసన్‌కు అది తెలుసు. చెరువు పని అని తప్పెట కొట్టించాడు. ఆరు రోజులు గట్టు కొసన మట్టి తవ్వి, మేస్త్రీ చూపించిన చోట పోశాం. గండి పూడ్చడానికే పోగు వేయిస్తున్నాడనుకున్నాం. ఏడో రోజు ఆ పోగును గుట్టగా తీర్చి, పచ్చగడ్డి పరిచి విగ్రహం నిలబెట్టారు. మిగిలిన గట్టును మా చేతులతోనే తవ్వి వాడికిచ్చాం. నేనూ మోశాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఆ సాయంత్రం రేషన్ షాపు ముందు ఊరు కూడింది.

"ఐప్పసికి ఇంగా పదినాళ్ళే ఉండాది," అంది పట్టమ్మాళ్. "వాన పడితే నీళ్ళు ఆ గండిలోనే వొస్తాయి. నా జోతి మళ్ళా చెట్టెక్కాల్నా?"

"కూలిచ్చే మొదలాళిని పగజేసుకోని ఎట్ల బతికేది?" అన్నాడు సీనివాసన్ పొలంలో కూలి చేసే మారియప్పన్. "మన బాస మాట్లాడేటోడే గదా. పొయ్యి అడుగుదాం."

పోయి అడిగాం. సీనివాసన్ నవ్వాడు.

"మనం మనం ఒగటి. బయటోళ్ళ ముందర ఊరి మానం తియ్యద్దండి. మంత్రి వొచ్చి పార్కు తెరిచి పోనీ. గండికి వేరే టెండరు, తై నెలలో, సంక్రాంతి పొయినాక."

"వాన ఐప్పసిలో, టెండరు తైలోనా?" అన్నాను.

మారియప్పన్ ఇరవై ఏళ్ళుగా ఆ గడప ముందు తుండుగుడ్డ చంకలో పెట్టుకునే నిలబడ్డాడు. దాన్ని తీసి భుజాన వేసుకున్నాడు.

"బాస ఒగటే, సరే. మట్టి ఎత్తి మా చెరువు కరైని తినింది నువ్వు, చచ్చింది మేము."

మర్నాడు పొద్దున్నే గుట్ట నుంచి గండి దాకా గంపల వరస నిలిచింది. కోవిల్‌పట్టి కాలేజీ పిల్లలూ మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళూ వచ్చి కలిశారు. గుట్ట కరిగేకొద్దీ విగ్రహం ఒరిగింది. దాన్నేం చెయ్యాలో తోచక అందరం పట్టమ్మాళ్ వైపు చూశాం.

"గండిలో తొయ్యండి," అంది. "అడుగున బరువు కావాల."

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టర్ తమిళంలో అరిచాడు, సర్కారు విగ్రహాన్ని పడేసింది ఎవరని.

"నేనే," అంది పట్టమ్మాళ్ అదే తమిళంలో. "నా విగ్రహమే సార్. నేనెప్పుడూ అట్లా ఏడవలేదు."

ఆమెతో పాటు పద్నాలుగు మందిని వ్యానెక్కించారు. నేనూ ఎక్కాను. వ్యాను కిటికీలోంచి చూస్తే, మేం లేచి వచ్చిన చోట్లలోకి పక్కవాళ్ళు జరిగి వరస కలిపేశారు. గంపలు ఆగలేదు.

మేం జైల్లో ఉండగానే వాన పడింది. గట్టు నిలిచింది. చచ్చినవాళ్ళ పేర్లు చెక్కిన రాయిని మావాళ్ళు పార్కులోంచి మోసుకుపోయి గండి పూడ్చిన చోట పాతారని మారియప్పన్ ములాఖత్‌కు వచ్చి చెప్పాడు. ఇక అక్కడ ఎవడు పార వేయాలన్నా ముందు ఇరవైమూడు పేర్లు దాటాలి.