నదికి అవతల గుచ్చని సూది

రక్షణ మంత్రి కోటు జేబులోంచి ఎర్ర గుండుసూదిని తీశారు, చూసుకున్నారు, మళ్ళీ జేబులోనే వేసుకున్నారు. పటాల గదిలో అందరి కళ్ళూ ఆయన చేతి మీదే ఉన్నాయి.

గోడ నిండా పరచిన పటంలో నది పొడవునా నీలం దారం బిగించి ఉంది. దారానికి ఇవతల సూదులు గుచ్చే హక్కు, అంటే సైన్యం ఎక్కడుండాలో చెప్పే హక్కు, సేనాపతిది. అవతల గుచ్చే హక్కు యూనిఫాం తొడగని మంత్రిది. జనానికి గిట్టని ఈ యుద్ధాన్ని సైన్యం తన ఇష్టానికి పెంచుకుపోకుండా ఆ నిబంధనను మాట మాటా తూచి రాసింది, యుద్ధం మొదట్లో ఇంకా వకీలుగా ఉన్న రోజుల్లో, ఈయనే.

"గుచ్చండి, లాయరు గారూ," అన్నాడు సేనాపతి. మంత్రి గారూ అనడానికి ఆయనకు ఏనాడూ నోరు తిరగలేదు. "అవతలి గుట్ట మీది ఫిరంగులు మనవాళ్ళని నమిలేస్తున్నాయి. నది దాటామంటే వాటి నోళ్ళు మూతపడతాయి."

"దాటాక ఎక్కడ ఆగుతారు?"

"గుట్ట వెనక ఇంకో గుట్ట ఉంటుంది కదండీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రికి నవ్వు రాలేదు. ఇవతలి ఒడ్డున, ఆ ఫిరంగులకు ఎదురుగా ఉన్న స్థావరంలో, ఆయన చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడు. "వాణ్ణొక్కణ్ణి వెనక్కి రప్పించు అన్నయ్యా, నువ్వు ఒక్క మాటంటే చాలు కదా," అని ఆమె పొద్దున్నే ఫోనులో ప్రాధేయపడింది. మిగిలినవాళ్ళ తల్లులు ఎవరికి ఫోను చేసుకోవాలి?

"గుచ్చను. దాటడానికి వీల్లేదు. స్థావరాన్నే ఖాళీ చేయించండి. అందర్నీ."

సేనాపతి దారాన్ని వేలితో మీటాడు. "అది ఇవతలి ఒడ్డు. తమరు రాసిందే కదా! దాటాలో వద్దో తమరు చెప్పండి, ఇవతల ఎక్కడ నిలబడాలో మేం చెబుతాం." అంతలోనే గొంతు తగ్గించాడు. "మీ మేనల్లుడు అక్కడున్నాడని తెలుసు. ఆ స్థావరం తీస్తే వెనకున్న ఊరు పోతుంది. అందుకే తియ్యను."

తాను రాసిన వాక్యంలో ఒక్క సందైనా దొరుకుతుందేమోనని మంత్రి మనసులోనే వెదుక్కున్నారు. దొరకలేదు. అంత పకడ్బందీగా రాసుకున్నారు మరి.

గేటు బయట జనం కారును చుట్టుముట్టారు. "హంతకుడా! యుద్ధం ఆపు!" ఒక కుళ్ళిన టమాటా అద్దం మీద పగిలి మెల్లగా జారింది.

"దాటనివ్వలేదని వీళ్ళకి చెప్పెయ్యొచ్చు కదండీ," అన్నాడు, కారెక్కగానే ఆయన నోట సంగతి విన్న, ఎంతోకాలంగా నమ్మకంగా ఉన్న డ్రైవరు.

"వీళ్ళకి తెలిస్తే అవతలివాళ్ళకీ తెలుస్తుందయ్యా. మనం దాటుతామన్న భయమైనా వాళ్ళకి ఉండనీ."

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. భార్య పోయాక ఆ ఇంట్లో దీపాలు ఆయన వేసుకుంటేనే వెలుగుతాయి. వేయకముందే ఫోను మోగింది.

"దాటితే ఆ ఫిరంగులు ఆగేవట కదా అన్నయ్యా, టీవీలో చెబుతున్నారు. ఎవడో వద్దంటున్నాడని పుకారట. ఎవడు వాడు?"

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. సూది మొన బొటనవేలికి తగిలింది.

"అన్నయ్యా?" ఆమె గొంతు సన్నబడింది. "నువ్వేనా?"

అబద్ధమాడడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి అధికారం లేదు. అవతల కుక్కరు కూతపెట్టింది, మళ్ళీ పెట్టింది. ఆమె లేచి వెళ్ళి దాన్ని దింపలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. ఆయన కూడా చీకట్లో రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డారు.