ఫ్యాను హోరు

కంప్యూటరుకి కొత్త హార్డ్ డిస్క్ తనే వేస్తానని మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడే నా గుండెల్లో రాయి పడింది. వేశాడు. అప్పట్నుంచీ లోపలి ఫ్యాను విమానం లేస్తున్నట్టు ఒకటే హోరు. నేను పొద్దస్తమానం ఫోటోలు దిద్దుకునేది దాని మీదే. వారం తిరక్కుండానే తల దిమ్మెక్కిపోయింది.

"కొత్తది కదా, సర్దుకుంటుందిలే," అన్నాడు.

"సర్దుకోడానికి అదేమన్నా కొత్త కోడలా?" అని కసిరి, మూత నేనే విప్పాను.

చూద్దును కదా, డిస్కు వేడి ఎంతుందో చెప్పే సన్నటి వైరు దేనికీ తగిలించకుండా వేలాడుతోంది. వేడి సంగతి తెలియక కంప్యూటరు హడలిపోయి ఫ్యానుని ఆపకుండా తిప్పేస్తోంది. వైరు కొసనున్న గింజంత సెన్సరుని కొత్త డిస్కుకి అంటించి స్విచ్ వేశాను.

హోరు పోయింది. పక్కగదిలోంచి పాట వినబడింది! గొంతెత్తి, హాయిగా, రాగం తీస్తూ. నలుగురిలో నోరు విప్పని మా అత్తయ్య, బట్టలు మడతపెడుతూ పాడుతోంది.

అంతలోనే పాట టక్కున ఆగింది. అత్తయ్య సిగ్గుతో ముడుచుకుపోతూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆ మోతలో ఎవరికీ వినపడదనుకున్నానమ్మా. బాగైపోయిందా?"

ఆ గొంతులో దిగులు దాగలేదు.

"ఎక్కడత్తయ్యా! మీ అబ్బాయి చేసిన పని ఓ పట్టాన బాగవుతుందా?" అంటూ వైరు మళ్ళీ ఊడబీకాను.

హోరు మొదలైంది. అత్తయ్య తన గదిలోకి వెళ్ళగానే, మా ఆయనా, నేనూ ఆ తలుపుకి చెవులు ఆనించి నిలబడ్డాం.