రాజవ్వ పని చీటీ

సరోజన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, మధ్యమధ్య చేతులు కొంగుకు తుడుచుకుని చీటీలు రాస్తోంది. పంతొమ్మిది వందల ఎనభై ఏడు నాటి మాట. భర్త సాంబమూర్తి కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. నేతపనివాళ్ళలో కంటి దవాఖాన కార్డు ఎవరికి రావాలో తేల్చే ప్రోగ్రాం చేస్తున్నాడు. దాని రూలు ఒక్కటే: పని ఉన్న మనిషికి కార్డు. సర్వే కాగితంలో ఇల్లు, ఇంటి కింద మనుషులు, ఒక్కో మనిషి కింద పనులు. పెట్టెలో పెట్టె పెట్టినట్టున్న ఆ వివరం మిషనుకు ఎక్కదు. దేనికది విడదీసి, ఒక్కో చీటీ మీద ఒక్కో నిజం రాయాలి. ఇంటికో నంబరు, మనిషికో నంబరు. ఏ పని ఎవరిదో ఆ నంబరే చెబుతుంది. చీటీ లేకపోతే మిషను లెక్కలో ఆ మనిషికి పని లేనట్టే. ఈ ఉపాయం తట్టింది సరోజనకే. కాలేజీకి చేరేసరికి అది సాంబమూర్తిదైంది. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు.

మొదట్లో ఆడవాళ్ళకూ పని చీటీలు రాసింది. కండెలు చుట్టడం, నూలుకు గంజి పెట్టడం. ఆ కట్ట చూసి అతను నవ్వాడు.

"ఏందే, గిన్ని చీటీలా? మెమరీ పట్టద్దా? మీ అవ్వ కండె చుడితే అదీ ఒక పనేనా! మగ్గం మీద కూసున్నోని నంబరు మీద ఒక్కటి రాయి, సాలు."

ఆమె నోరు తెరవబోయింది. "కూర ఇయ్యాల్నే ఎక్కుతదా పొయ్యి మీదికి?" అని వంటింట్లోంచి అత్త భద్రమ్మ అరిచింది. సరోజన లేచి, ఆ చీటీలను తన చేత్తోనే పొయ్యిలో వేసింది. నలభై ఏళ్ళు రాట్నం ముందు కూర్చుని కళ్ళు మసకబారిన తన తల్లి రాజవ్వ చీటీ కూడా అందులోనే ఉంది. ఎప్పుడైనా మళ్ళీ రాయొచ్చులే అనుకుంది. రాయలేదు.

కార్డుల జాబితా వచ్చిన మర్నాడు రాజవ్వ కొత్తవాడ నుంచి వచ్చింది.

"బిడ్డా, నా పేరు లేదట. మీ నాయినదున్నది. ఆయనకేమో కండ్లు మంచిగనే ఉన్నయి. నేను పనే చెయ్యనని మిషన్ల ఉన్నదట."

"రూలంటే రూలే అత్తా," అన్నాడు సాంబమూర్తి పేపరు దించకుండా. "దానికి చెప్పిందే అది చెప్తది."

రాజవ్వ కూతురి వైపు తిరిగింది. "దానికెవలు చెప్పిన్రు బిడ్డా?"

భర్త పేరు సరోజన నోటిదాకా వచ్చింది. కానీ రాసిన చెయ్యి తనది.

"నేనే అవ్వా. నీ పని రాసిన. మళ్ళ నేనే పొయ్యిల వేసిన."

ఆ మసక కళ్ళకు తన ముఖం ఎంతమటుకు కనిపించిందో సరోజనకు తెలియదు. రాజవ్వ గోడ పట్టుకుని లేచి, కాలితో తడిమి గడప వెతుక్కుని వెళ్ళిపోయింది.